మడుగుకు మూత వేసిన ఎర్రపీత

అనగనగా ఒక అడవి. నేల మీద పెరిగిన అడవి కాదు, పిల్లలూ. ఉప్పునీటిలో వేళ్ళు దించి నిలబడ్డ మడ అడవి. సముద్రం ఆ అడవిలోకి ఒక పాయగా చొచ్చుకొచ్చింది. ఆ పాయ చివర లోతైన మడుగు ఒకటి ఉంది. మడుగుకు ఉత్తరాన పొలాలు. దక్షిణాన పెద్ద ఇసుక దిబ్బ.

మడుగు ఒడ్డున బురదలో ఎర్రపీతలు కాపురం ఉండేవి. వాటిలో మగపీతలకు కత్తెరలా పట్టే డెక్కలు రెండు, ఒకటి చిన్నది, ఇంకోటి ఒంటిని మించినంత పెద్దది. మిగతా మగపీతలు ఆ పెద్ద డెక్కను ఊపి ఆడపీతలను పిలిచేవి. కెంపు అనే కుర్రపీత మాత్రం దాన్ని పిడికిలిలా పైకెత్తేవాడు.

ఎందుకంటే కెంపు చదువుకున్నవాడు. ఒడ్డున మనుషులు సభ పెట్టినప్పుడల్లా వేదిక కింద బొరియలో కూర్చుని, మైకులో వచ్చే ప్రతి మాటా వినేవాడు. సభ అయ్యాక కొట్టుకొచ్చిన కరపత్రాలను లాక్కెళ్ళి బొరియ గోడలకు అంటించుకునేవాడు. దోపిడీ. హక్కు. పోరాటం. విముక్తి. ఆ మాటలంటే వాడికి ప్రాణం.

"అన్యాయాన్ని చూసి ఊరుకున్నవాడు అన్యాయానికి కాపలాదారుడు!" అని నిద్ర లేస్తూనే అరిచేవాడు.

"ఆ అన్యాయం ఏదో ముందు చూపించి తర్వాత అరవరా నాయనా, నిద్ర పాడు చెయ్యకు" అని పక్క బొరియవాళ్ళు విసుక్కునేవారు.

పాపం, వాడికి అన్యాయం ఇంకా దొరకలేదు. వెతుకుతూనే ఉన్నాడు.

కెంపుకు ఒక అక్క ఉండేది. పేరు పగడం. చిన్నప్పుడు పోటు వచ్చిన ప్రతిసారీ వాణ్ణి తన బొరియలోకి లాక్కుని కాపాడింది ఆమే. ఆ చలికాలం పగడం కడుపు కింద గుడ్లు పొదువుకుంది. నారింజ రంగు పూసల్లాంటి గుడ్లు, పొట్ట నిండా.

ఆ పీతల్లో ఒక ఆచారం ఉంది. గుడ్లతో ఉన్న ఆడపీత చలికాలంలో మడుగు అడుగున ఉన్న లోతుగుంటలోకి దిగుతుంది. గుడ్లు పగిలేదాకా పైకి రాదు. ఆమె అన్నో తమ్ముడో ఒడ్డున కూర్చుంటాడు. రోజూ పొద్దున్నే ఆమె కింద నుంచి బుడగలు వదులుతుంది. అవి వరసగా పైకి తేలి, టప్ టప్ మని పగులుతాయి. 'నేను బాగున్నాను' అని దానర్థం. బుడగలు రాకపోతే ఒడ్డునున్నవాడు మారుమాట లేకుండా లోపలికి దూకాలి. దీన్ని ఒడ్డు కాపు అంటారు.

దిగే ముందు పగడం నీళ్ళలో కాలు పెట్టి చూసింది. "అబ్బా, అప్పుడే చల్లబడుతున్నాయిరా" అంది. "వెచ్చగా ఉంటే గుడ్లు తొందరగా పగిలేవి. ఏం చేస్తాం, చలికాలం కదా."

"నేనున్నాను కదక్కా!" అన్నాడు కెంపు, డెక్క ఎత్తి.

"నువ్వున్నావనే నా బెంగ" అని నవ్వింది పగడం. "ఉపన్యాసాలు కాస్త తగ్గించి, నా బుడగలు చూడు. సరేనా?"

"సరే అక్కా."

ఆమె నీళ్ళలోకి జారిపోయింది.

మర్నాడు పొద్దున కెంపు ఒడ్డున కూర్చున్నాడు. బుడగలు వచ్చాయి. టప్ టప్ టప్. వాడు తృప్తిగా తలెత్తాడు. ఎత్తి, అలాగే ఉండిపోయాడు.

మడుగు మీద పొగ లేస్తోంది!

ఉత్తరం నుంచి చలిగాలి వస్తోంది. పొడిగా, ఆకలిగా, పొలాల మీదుగా వస్తోంది. ఆ గాలి కంటే మడుగు నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. గాలి నీటిని తాకుతోంది. నీటి ఒంట్లోని వేడినీ తడినీ ఆవిరిగా పైకెత్తుకుంటోంది. ఎత్తుకుని తెల్లటి మూటలా మోసుకుంటూ దిబ్బ వైపు వెళ్ళిపోతోంది. కెంపు గబగబా నీళ్ళలో డెక్క ముంచి చూశాడు. నిన్నటి కంటే చల్లగా ఉన్నాయి.

కాడల మీద ఉన్న వాడి కళ్ళు నిటారుగా నిలబడ్డాయి.

"దొరికింది!" అని కేక పెట్టాడు. "అన్యాయం దొరికింది! పట్టపగలు దోపిడీ! ఒసేయ్ గాలీ, ఆగు! ఎవరి సొమ్మని ఎత్తుకుపోతున్నావ్? అది మా అక్క వెచ్చదనం!"

గాలి ఆగలేదు. దానికి ఆగే అలవాటు లేదు.

కెంపు నేరుగా పరదేశి అవ్వ దగ్గరికి పరుగెత్తాడు. పరదేశి అవ్వ అంటే ముసలి సముద్రపు పిట్ట. ప్రతి చలికాలం ఉత్తరాన ఎక్కడి నుంచో ఎగిరొచ్చి, మడుగు పక్కన విరిగిన పడవ మీద వాలేది. కడుపు నిండి ఉన్నప్పుడు మాత్రమే పీతలతో కబుర్లు చెప్పేది. కాబట్టి కెంపు పడవ పక్కనున్న ఒక బొరియ అంచున నిలబడి, సగం లోపల సగం బయట ఉండి అడిగాడు.

"అవ్వా, మీ దేశంలో కూడా గాలి ఇలాగే సముద్రాన్ని దోచుకుంటుందా?"

"చలి ముదిరాక మా సముద్రానికి మూత పడుతుందిరా అబ్బీ" అంది అవ్వ. "గట్టి మంచుగడ్డ మూత. దాని మీద నడిచిపోవచ్చు. గాలి ఎంత గింజుకున్నా కింది నీళ్ళలోంచి ఒక్క ఆవిరి పోగు తీసుకోలేదు."

"మూత!" అన్నాడు కెంపు. "మూత!"

"అందుకే చలికాలం రాగానే మేము..." అని అవ్వ ఏదో చెప్పబోయింది.

వినడానికి అక్కడ కెంపు లేడు.

ఆ సాయంత్రం వాడు పీతలందరినీ పోగు చేసి, ఒక వేరు ఎక్కి నిలబడ్డాడు.

"మిత్రులారా! వేసవంతా ఎండలో కాగి ఈ మడుగు కూడబెట్టుకున్న వేడి ఎవరిది?"

"మనది!"

"దాని కోసం గాలి ఒక్కరోజైనా ఎండలో కాగిందా?"

"లేదు!"

"మరి చలికాలం రాగానే వచ్చి ఎత్తుకుపోవడానికి అదెవరు?"

"ప్రతి ఏడూ వచ్చేదే కదరా" అన్నాడు ఒక ముసలి పీత తాత. "మా తాతల నాడూ వచ్చింది."

"ప్రతి ఏడూ జరిగినంత మాత్రాన అన్యాయం న్యాయమైపోతుందా తాతా?"

పాపం, తాత దగ్గర కరపత్రం లేదు.

"గాలి దోపిడీ నశించాలి!" అని అరిచాడు కెంపు. "మన వేడి, మన హక్కు! ముందు మడుగుకు మూత, తర్వాత సముద్రానికి మూత!"

డెక్కలన్నీ ఒక్కసారిగా లేచాయి. అంత ఎరుపు ఆ ఒడ్డు ఎప్పుడూ చూడలేదు.

పని మొదలైంది. మొదట పీతలు రాలిన మడ ఆకులను మోసుకొచ్చి నీటి మీద పరిచాయి. గాలి వచ్చి ఆకులను ఒక మూలకు తోసేసింది. రెండోసారి నాచు తెచ్చి పరిచాయి. నాచు నానిపోయి మునిగింది. మూడోసారి కెంపు బుర్ర పెట్టాడు. మడ చెట్ల వేళ్ళు నీటిలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి కదా, ఆ వేళ్ళ నుంచి వేళ్ళకు సముద్రపు గడ్డి తాళ్ళు అడ్డంగా నిలువుగా లాగించాడు. ఆ వల మీద ఆకులు, ఆకుల మీద జిగురుబురద. గాలి ఎంత కొట్టినా మూత కదల్లేదు.

ఒక్క చోట మాత్రం ఖాళీ మిగిలింది. సరిగ్గా లోతుగుంట మీద.

"ఇది ఇలాగే వదిలేద్దాం కెంపూ" అన్నాడు వాడి స్నేహితుడు చిటుకు. ఒక కాలు లేని సన్నపాటి పీత వాడు. "మీ అక్క బుడగలు కనబడాలి కదా."

కెంపు ఆగాడు. ఖాళీలోంచి సన్నగా పొగ లేస్తోంది. గాలి అక్కడే గిరగిరా తిరుగుతోంది. సరిగ్గా అక్క ఉన్న చోటే, అక్క వెచ్చదనమే పోతోంది!

"ఒక్క కన్నం వదిలినా దొంగకు తలుపు తీసి పెట్టినట్టే" అన్నాడు. "పోరాటంలో రాజీ లేదు. మూసెయ్యండి."

"మరి బుడగలు?"

"ఆకుల కింద పగులుతాయి. కనబడకపోతే లేనట్టేనా? అక్క హాయిగా ఉంటుంది. కప్పు."

చిటుకు ఆకులు లాగాడు. కప్పేశాడు.

ఇదీ, పిల్లలూ, కెంపు చేసిన పని. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్కరు కూడా వాణ్ణి ఆపలేదు. గుర్తుపెట్టుకోండి.

మర్నాడు పొద్దున మడుగు మీద పొగ లేదు. గాలి మూత మీద నుంచి ఖాళీ చేతులతో పోయింది. కెంపు మూత అంచు కింద డెక్క దూర్చి చూశాడు. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి! "విజయం!" అని గెంతాడు. ఒడ్డంతా గెంతింది.

కొన్నాళ్ళకు దిబ్బ మీది కుందేలు తన మూడు పిల్లలతో వచ్చింది. ఇసుకలో నడిచి నడిచి దాని పెదవులు పగిలి ఉన్నాయి.

"కెంపు బాబూ, దిబ్బ మీద మంచు పడటం లేదు" అంది. "అక్కడ చెరువు లేదు, వాగు లేదు. మీ మడుగు మీద నుంచి వచ్చే గాలి తెచ్చిన తడే పొద్దున్నే గడ్డి మీద చుక్కలై నిలిచేది. ఆ చుక్కలు నాకే మేం బతికేది. ఇప్పుడు గాలి ఎండిపోయి వస్తోంది. చర్మం కోసేస్తోంది. గడ్డి పట్టుకుంటే పొడి అయిపోతోంది. నా పిల్లలకు పాలు రావడం లేదు."

కెంపుకు ఒక క్షణం మనసు చివుక్కుమంది. వెంటనే కరపత్రం గుర్తొచ్చింది.

"అంటే ఇన్నాళ్ళూ దొంగసొత్తు తిన్నది మీరన్నమాట" అన్నాడు.

కుందేలు వాణ్ణి కొయ్యబారి చూసింది. "మేమెవరి దగ్గరా ఏమీ దొంగిలించలేదు బాబూ" అని మాత్రం అని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

"కాస్త గట్టిగా అన్నావేమో" అన్నాడు చిటుకు.

"చరిత్ర మెత్తటి మాటలతో నడవదు" అన్నాడు కెంపు. ఆ మాట ఏ మైకులో విన్నాడో వాడికే గుర్తు లేదు.

ఆ తర్వాత ఒక పొద్దున ఒడ్డు మీద వింత కనబడింది. మూత అంచు కిందనుంచి రొయ్యలు బయటికి వచ్చాయి. ఒకటి కాదు, రెండు కాదు, వందలు. బురద అంచునంతా బారులు తీరి, మీసాలు పైకెత్తి, నోళ్ళు తెరిచి మూసి, తెరిచి మూసి చేస్తున్నాయి.

కెంపు కళ్ళు మెరిశాయి. "చూశావా చిటుకూ! లోతట్టు జనం కూడా కదిలారు! సభకు వచ్చారు!"

వాడు వేరు ఎక్కాడు. డెక్క ఎత్తాడు. "రొయ్య మిత్రులారా! మన వేడి..."

రొయ్యలు నోళ్ళు తెరిచాయి.

"మన హక్కు!" అని కెంపే పూరించాడు. "గాలి దోపిడీ..."

రొయ్యలు నోళ్ళు తెరిచాయి, మూశాయి. ఒక రొయ్య పక్కకు ఒరిగింది. ఆవేశంతో పడిపోయిందనుకున్నాడు కెంపు. గొంతు ఇంకా పెంచాడు. ఇంకో రొయ్య ఒరిగింది. తర్వాత మూడోది.

"నోరు ముయ్యరా మూర్ఖుడా!"

పడవ మీద నుంచి పరదేశి అవ్వ రివ్వున దిగింది. పీతలన్నీ ప్రాణభయంతో బొరియల్లో దూరాయి. కెంపు ఒక్కడే వేరు మీద మిగిలాడు. ఆశ్చర్యం ఏమిటంటే, అంత తిండి కళ్ళెదుట ఉన్నా అవ్వ ఒక్క రొయ్యను కూడా ముట్టలేదు.

"అవి నినాదాలు ఇవ్వడం లేదు. ఊపిరాడక గిలగిలలాడుతున్నాయి!" అంది. "కొన్నాళ్ళు చేపల వేటకు పక్క పాయకు పోయి వచ్చేసరికి ఏం చేసి పెట్టావురా?"

"మూత వేశాను" అన్నాడు కెంపు. "మీ దేశంలో లాగా. నువ్వే కదా చెప్పావు."

"నేను సగమే చెప్పాను. మిగతా సగానికి నువ్వు ఉన్నావా?" అవ్వ రెక్కలు దులిపింది. "మా మూత మంచు అల్లినది. దాని కింద బతకడం పుట్టుకతో నేర్చినవాళ్ళు దాని కింద ఉంటారు. ఒడ్డునేమో గాలి ఎండి, నేల రాయిలా బిగిసి, గడ్డిపరక ఉండదు. మూత అంత మంచిదైతే, రెక్కలు అరిగేలా ఎగిరి నేను నీ మడుగుకు ఎందుకు వస్తానురా? ఈ పొగ కోసమే కదా! ఈ వెచ్చటి, తడి గాలి కోసమే కదా!"

కెంపు ఎత్తిన డెక్కను కిందికి దించాడు.

"ఇంకో మాట. నీళ్ళు ఊపిరి ఎలా పీలుస్తాయో ఎప్పుడైనా చూశావా? పైనీరు తన వేడిని గాలికి ఇచ్చి చల్లబడుతుంది. చల్లబడి బరువెక్కుతుంది. బరువెక్కి కిందికి దిగుతుంది. దిగుతూ దిగుతూ పైన పీల్చిన ఊపిరిని అడుక్కి తీసుకుపోతుంది. కిందినీరు పైకొస్తుంది. చలికాలమంతా అదే పని. నువ్వు మూత వేశావు. పైనీరు చల్లబడలేదు, కిందికి దిగలేదు. అడుగున ఉన్నవాళ్ళకు ఊపిరి ఎవరు తీసుకెళ్తారు?"

అడుగున ఉన్నవాళ్ళు.

కెంపు మూత వైపు తిరిగాడు. ఎన్నాళ్ళయింది బుడగలు చూసి? మూత వేసిన నాటి నుంచి ఒక్క పొద్దున కూడా చూడలేదు. ఒక్క పొద్దున కూడా! కాపు కూర్చోవడం మానేసి వేరు ఎక్కి నిలబడ్డాడు వాడు.

"అక్కా!"

ఎవరికీ ఏమీ చెప్పలేదు. మూత అంచు చీల్చుకుని నీళ్ళలోకి దూకాడు.

లోపల చీకటి. పైన నీళ్ళు వెచ్చగా, మెత్తగా ఉన్నాయి. వాడు కోరుకున్న వెచ్చదనం అదే. ఇంకాస్త దిగేసరికి కుళ్ళిన గుడ్ల వాసన కొట్టింది. నీళ్ళు కదలడం లేదు. బరువుగా, చచ్చినట్టు పడి ఉన్నాయి. కాలు పెట్టిన చోటల్లా ఏదో మెత్తగా తగిలింది. తడిమి చూశాడు. రొయ్యలు. చిన్న చేపలు. కదలనివి.

లోతుగుంట మధ్యలో రాయి మీద పగడం ఉంది. కాళ్ళ కొసల మీద లేచి, ఒళ్ళు ఎంత ఎత్తగలదో అంతా ఎత్తి నిలబడింది. పైనున్న నీటిలో కాస్త ఊపిరి దొరుకుతుందేమోనని. చిన్న డెక్కలతో గుడ్లకు విసురుతోంది. విసిరి ఆగుతోంది. ఆగి మళ్ళీ విసురుతోంది.

కెంపు ఆమెను వీపు మీదకు లాక్కున్నాడు. ఆ పెద్ద డెక్క, అన్నాళ్ళూ ఆకాశం వైపు ఎత్తిన ఆ డెక్క, మొదటిసారి ఒకరిని పట్టుకోవడానికి పనికొచ్చింది. పైకి ఎక్కాడు. మూత తగిలింది. తాను వేయించిన మూత. ఎంత గట్టిగా వేయించాడో! బురద, ఆకులు, గడ్డి తాళ్ళు. కొరికాడు, కోశాడు. తెగలేదు.

పైనుంచి ఎవరో కోస్తున్న చప్పుడు వినబడింది. కప్పేయమన్న చోటే, లోతుగుంట మీదే, చిటుకు ఒంటరిగా కూర్చుని తాళ్ళు కోస్తున్నాడు. సరిగ్గా ఇద్దరు పట్టేంత కన్నం పడింది.

బయటికి వచ్చి కెంపు అరిచాడు. అందులో ప్రాస లేదు, పిడికిలి లేదు.

"కొయ్యండి! మూత కోసెయ్యండి! లోపల చచ్చిపోతున్నారు! కొయ్యండి!"

బొరియల్లోంచి పీతలు తల బయట పెట్టి చూశాయి. అవ్వ పడవ మీదకు ఎగిరి దూరంగా కూర్చుంది. అప్పుడు అందరూ పరుగున వచ్చారు. మూత చప్పట్లు కొట్టి వేసినవాళ్ళు, ఏడుస్తూ తీశారు. తాళ్ళు తెగాయి. గాలి ఆకులను దొర్లించుకుపోయింది. కాసేపటికి నీటి మీద మొదటి పొగ లేచింది.

ఒడ్డున బురదలో పగడం కళ్ళు తెరిచింది. ఆమె పొట్ట కింద గుడ్లు సగానికి పైగా నల్లబడిపోయాయి. ఆమె వాటిని ఒకసారి చూసుకుంది. తర్వాత తమ్ముణ్ణి చూసింది.

"పైన ఎవరో మూత వేశారురా" అంది. మాట కూడదీసుకుంటూ, నెమ్మదిగా. "రోజూ బుడగలు వదిలాను. పైకి పోయినవి పోయినట్టే ఉండిపోయాయి. నువ్వు పైనే ఉన్నావు కదా తమ్ముడూ. వాళ్ళని ఆపలేకపోయావా?"

పీతలందరూ కెంపును చూశారు.

"వాళ్ళు కాదక్కా" అన్నాడు కెంపు. "నేనే."

పగడం వాణ్ణి తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది వాడికి. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని, మిగిలిన గుడ్లకు మళ్ళీ విసరడం మొదలుపెట్టింది.

మిగిలిన గుడ్లు పగిలాయి. చిన్నచిన్న పిల్లలు వెనక్కి తీసే పాటు నీటితో సముద్రంలోకి వెళ్ళిపోయాయి. దిబ్బ మీద మళ్ళీ పొద్దున్నే గడ్డికి చుక్కలు పట్టాయి. కెంపు ఇసుకలో పడి దిబ్బ దాకా నడిచి వెళ్ళాడు, కుందేలుకు తన మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పడానికి. కుందేలు తడి గడ్డి మేస్తూనే, కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది. దాని పిల్లల్లో ఒకటి తగ్గిందని కెంపు అప్పుడే గమనించాడు.

వాడు కరపత్రాలను బొరియలోంచి పీకెయ్యలేదు. అరవడం కూడా మానలేదు. లోకంలో దొంగలు ఉన్నారు, వాళ్ళ మీద అరవాల్సిందే. కానీ అప్పటి నుంచి అరిచే ముందు ఒకసారి నీళ్ళలో అడుగుదాకా మునిగి చూసి వచ్చేవాడు.

మళ్ళీ చలికాలం వచ్చింది. పగడం మళ్ళీ గుడ్లు పొదువుకుంది. ఒడ్డు కాపుకు ఎవరు కూర్చుంటారన్న మాట వచ్చింది. ఎవరూ కెంపు వైపు చూడలేదు. కెంపు కూడా తల ఎత్తలేదు.

"వాడే కూర్చుంటాడు" అంది పగడం.

"వాడా?" అన్నాడు పీత తాత.

"వాడే. ఈసారి చూస్తాడు."

మర్నాడు ఉత్తరపు గాలి వచ్చింది. మడుగు మీద పొగ లేచి దిబ్బ వైపు కదిలింది. నీళ్ళు చల్లబడుతున్నాయి. కెంపు ఒడ్డున కూర్చున్నాడు. డెక్క ఎత్తలేదు. కళ్ళు ఆర్పకుండా నీళ్ళకేసి చూస్తున్నాడు.

టప్.

టప్. టప్.

నీతి: అందరికీ ప్రాణం పోసే ఇచ్చిపుచ్చుకోవడాన్ని దోపిడీ అనుకుని మూత వేసేవాడు, ముందుగా తనవాళ్ళ ఊపిరే ఆపుతాడు.